తిట్టినవారికే కొలువు

పి.ఆర్. మేనేజర్ కావలెను అనే ప్రకటనలన్నీ ఒకే పాట పాడతాయి. చిరునవ్వు చెదరకూడదట, అర్ధరాత్రి ఫోనొచ్చినా పలకాలట. జీతం మాత్రం అర్హతను బట్టి! ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో ఒక్కరూ రాయరు.

2017 జులై 21న ఆంథోనీ స్కారముచ్చిని అమెరికా వైట్‌హౌస్ కమ్యూనికేషన్స్ డైరెక్టర్‌గా ప్రకటించారు. అయ్యగారు ఓ విలేఖరికి ఫోన్ చేసి, తోటి అధికారులను నోటికొచ్చినట్టు తిట్టారు. విన్నాయన ఊరుకుంటాడా, అచ్చేశాడు. నెలాఖరుకల్లా, అంటే 31న, కొలువు ఊడింది. విజిటింగ్ కార్డులు చేతికొచ్చాయో లేదో పాపం! నోరు అదుపులో పెట్టుకోవడమే పనిగా ఉన్న ఉద్యోగం మరి.

ఎలాన్ మస్క్‌కు ఈ తలనొప్పి లేదు. టెస్లా పి.ఆర్. విభాగాన్నే ఎత్తేసిందని 2020లో వార్తలొచ్చాయి. ఆయన చేతికొచ్చిన ట్విటర్‌దీ అదే తీరు. 2023 మార్చి నుంచి ఆ సంస్థ ప్రెస్ ఈమెయిల్‌కు ప్రశ్న పంపిన విలేఖరులకు తక్షణమే ఓ బొమ్మ జవాబుగా వచ్చేది: నవ్వుతున్న అశుద్ధం ఎమోజీ!

ఆ కొలువుకు ఎంబీఏ అడగలేదు, ఇంటర్వ్యూ పెట్టలేదు. చిరునవ్వు మాత్రం చెదరలేదు.