చూడవచ్చినోళ్ల చాయ్

నేను నీళ్లు పోసుకున్న సంగతి దవాఖానల చీటీ మీద రాసింది పొద్దున పదకొండింటికి. మధ్యాహ్నం మూడింటికల్లా మద్దూరులో మా గడప ముందు పది జతల చెప్పులున్నాయి.

“చాయ్ తగ్గించాలె తల్లీ, రోజుకు రెండు చాలు” అని డాక్టరమ్మ చెప్పింది కూడా ఆ రోజే. ఆ రెండూ దవాఖానకు పోకముందే అయిపోయాయి. ఇంటికొచ్చిన మనిషికి చాయ్ పొయ్యకుండా పంపిన రోజు మా అత్తమ్మ జీవితంలో లేదు. వాళ్లకు పోసి నాకు పొయ్యకపోతే వచ్చినవాళ్లు ఒప్పుకోరు. “కడుపుతోటి ఉన్న పిల్ల సూస్తుంటె మేం తాగుతే మాకు కడుపునొప్పి లేవదా? ఓ గుక్కెడన్న పొయ్యి వదినె” అంటారు. గుక్కెడు అంటే ఎంతో ఎవరూ కొలవలేదు గానీ, అత్తమ్మ చేతిలో అది గిలాసకు ముప్పావు.

బిడ్డ కోసం తగ్గించాల్సిన చాయ్, ఆ బిడ్డ వల్లే పెరిగింది. అంతకుముందు రోజుకు మూడు తాగేదాన్ని. కబురు పాకిన వారంలో ఆరుకు చేరింది. సంక్రాంతి దాటి కొమురవెల్లి మల్లన్న జాతర మొదలయ్యాక ఆదివారాలు లెక్కే తప్పింది. పట్నం వారానికి పోయేవాళ్లు, పోయి వచ్చేవాళ్లు, పోదామా వద్దా అని అడగవచ్చినవాళ్లు, అందరికీ మా ఇల్లు దారిలోనే ఉంటుంది. దారిలో లేనివాళ్లు దారి మార్చుకుని వచ్చారు. మా తల్లిగారిది జనగామ. పెళ్లినాటికి రెండూళ్లూ వరంగల్ జిల్లానే, 2016లో మద్దూరు సిద్దిపేట జిల్లాకు వచ్చింది. అమ్మ మాత్రం జిల్లా దాటి వచ్చానన్న బడలికతో ఇంట్లో అడుగు పెట్టగానే “చాయ్ పెట్టు వియ్యపురాలా” అనేది.

మా ఆయన లెక్కల సారు. మాటలతో కాదని లెక్కలతో రంగంలోకి దిగాడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలు సంపాదించి చదివాడు. చాయ్ కప్పుకు 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందట. అదే డికాక్షన్ కాఫీ అయితే 150 మిల్లీలీటర్లకే 80 నుంచి 120. గర్భిణులకు రోజుకు 300 దాటితే తగ్గించుకోమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 200 దగ్గరే ఆగమంటుంది. రెండు జవాబులుంటే చిన్నది రాయడం మా ఆయన అలవాటు, 200 ఖాయం చేశాడు.

మరి మన గిలాసలో ఎంత పడుతుంది? ఇంట్లో కొలిచే వస్తువేదీ లేదు. గోడ అవతలి నుంచి ఓ ఖాళీ క్వార్టర్ సీసా తెచ్చాడు. నూట ఎనభై మిల్లీలీటర్లు. ఊళ్లో ఎవరూ అనుమానించని కొలత అదొక్కటే. నల్లా దగ్గర కూర్చుని దాన్ని మూడుసార్లు తోమి కడుగుతుంటే ఎదురింటి పెద్దమ్మ చూసింది. సాయంత్రానికి “పెండ్లాం కడుపుతోటి ఉంటె సారు రంధి వట్టి తాగుతుండట” అని నాకే వచ్చి చెప్పారు. అలా చెప్పవచ్చినవాళ్లకు మళ్లీ చాయ్.

మా గిలాస క్వార్టర్‌కు రెండు వేళ్లు తక్కువని తేలింది. కానీ అత్తమ్మ చాయ్ ఏ పుస్తకంలోదీ కాదు. నీళ్లు, చాయపత్త, దంచిన అల్లం పడ్డాక అది పొంగాలి, దిగాలి, మళ్లీ పొంగాలి. అప్పుడు పాలు. రంగు ఇటుక పొడిలా తిరిగేదాకా గిన్నె దిగదు. మా ఆయన ఓసారి లోపలికి తొంగిచూసి, గిలాసకు 65 అని వేసుకున్నాడు. మూడు గిలాసలు, 195. క్యాలెండర్ మీద మూడు గీతలు పడ్డాక నాకు చాయ్ బంద్. పైగా రాత్రిపూట ఓ పాఠం: మామూలు మనిషి ఒంట్లో కెఫీన్ అయిదారు గంటల్లో సగానికి తగ్గుతుందట, చివరి నెలల గర్భిణికి పదిహేను గంటలు కూడా పడుతుందట. అది మావి దాటి బిడ్డకూ చేరుతుంది, దాన్ని అరిగించుకునే సరుకు బిడ్డ దగ్గర ఇంకా తయారు కాదు. ఇదంతా విన్నాక సాయంత్రం గీత నేనే మానుకున్నాను.

ఊరి అభ్యంతరం మాత్రం కెఫీన్ మీద కాదు, రంగు మీద. “చాయ్ తాగుతె పిలగాడు నల్లగ పుడ్తడే” అని ఒకరు, కుంకుమపువ్వు పొట్లంతో ఇంకొకరు. తాతల నాటి మాట అంటారు. చాయ్ కంపెనీలు ఊళ్లు తిరిగి ఉత్తగా పోసి అలవాటు చేసిందే 1930ల్లో, మా తాతలు తాగింది అంబలి. అయినా మా ఆయన నలుపు, నేను నలుపు. ఇద్దరం కష్టపడుతుంటే పేరు చాయ్‌కెందుకు పోవాలి?

ఈ రంగు గొడవలో అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో నెల నుంచి ఎర్ర గోలీలు ఇచ్చారు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, రోజుకొకటి, 180 రోజులు. నాకు రక్తం 9.6. నెలన్నర మింగాక పరీక్ష చేస్తే 9.5. సిస్టరమ్మ చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“గోలి మింగుతున్నవా, పారేస్తున్నవా?”

“ఒట్టు సిస్టరమ్మా, రోజు మింగుతున్న.”

“దేంతోని?”

ఆ గోలీకి తుప్పు పట్టిన నల్లా వాసన. నీళ్లతో మింగితే కక్కొచ్చేది. అందుకని...

“చాయ్‌తోని.”

ఆమె పెన్ను కింద పెట్టింది. చాయ్‌లోని వగరు ఇనుమును పట్టుకుని ఒంటికి అంటనివ్వదట. తిండికి గానీ గోలీకి గానీ గంట ముందు, గంట తర్వాత చాయ్ ముట్టొద్దని, నిమ్మకాయ నీళ్లతో మింగితే ఇనుము బాగా పడుతుందని చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే మా మామయ్యకు చిన్నప్పటి సిరా గుర్తొచ్చింది. కరక్కాయ నానేసిన నీళ్లలో తుప్పు మేకులు వేస్తే నల్లటి సిరా అయ్యేదట. ఆ వగరూ ఈ వగరూ ఒక జాతివేనని మా ఆయన తేల్చాడు. అంటే నెలన్నరగా నేను కడుపులో సిరా కాస్తున్నానన్నమాట. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. “నేను మొదాలె జెప్పిన గదా, నల్లగైతదని!”

రెండు నెలలకు రక్తం 10.8కి ఎక్కింది. గోలీల లెక్క చూడటానికి ఆశమ్మ ఇంటికి వచ్చింది, ఎండన పడి. అత్తమ్మ రెండు గిలాసలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

“గోలి ఎప్పుడేసుకున్నవ్ బిడ్డా?”

“ముప్పావు గంటైంది.”

ఇద్దరం గోడ గడియారం చూశాం. ఇంకా పదిహేను నిమిషాలు. నా గిలాసలోంచి అల్లం వాసన నేరుగా నా మొహానికే వస్తోంది. ఆశమ్మ తన చాయ్ ఊదుకుంటూ తాగింది, గోలీలు లెక్కపెట్టింది, కాగితంలో రాసుకుంది. గడియారం ముల్లు రెండు గీతలు కదిలింది.

“అయ్యో, ఉత్తగ సల్లారిపోతది” అని నా గిలాస కూడా ఆమెనే ఎత్తింది.