బంతి స్వామికి ఒక సీమ భక్తుడి స్తుతి

స్వామీ, ఫుట్‌బాల్ స్వామీ! నిన్ను పొగడడానికి నాకున్నంత హక్కు కలకత్తావాడికి లేదు, కోజికోడువాడికి అసలే లేదు. వాళ్ల వీధుల్లో రోజూ తిరుగుతావు. రోజూ కనిపించే దేవుణ్ణి కొలవడం ఏం గొప్ప? మాది నందికొట్కూరు, కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఉన్న ఊరు. మాకు దగ్గర్లోనే సంగమేశ్వరుడున్నాడు. శ్రీశైలం నీళ్లు పైకెక్కితే ఏడాదిలో ఎక్కువ నెలలు ఆయన మునిగే ఉంటాడు. ఎండాకాలం నీళ్లు తగ్గి గుడి బయటపడితే పోయి దండం పెట్టుకొనొస్తాం. నీది అంతకన్నా పెద్ద నిష్ఠ. నువ్వు నాలుగేళ్లకోసారి, ప్రపంచకప్పు నెలలో తేలతావు. ఆ నెల మా పిల్లలు మెస్సీ వాళ్లని, రొనాల్డో వాళ్లని రెండు పార్టీలవుతారు, తిట్టుకుంటారు, మాటలు మానేస్తారు. నెల కాగానే నువ్వు మునుగుతావు, వాళ్లు బ్యాట్లు పట్టుకుంటారు. ఇంత ఓపిక ఏ దేవుడికుంది!

నీ దయ గురించి ముందు చెప్పాలి. 1986 జూన్ 22న మెక్సికోలో, అజ్టెకా మైదానంలో, ఇంగ్లండు మీద మారడోనా చేత్తో గోలు కొట్టాడు. కొద్ది నిమిషాలకే తన సగంలో బంతి అందుకుని, అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ దాటుకుంటూ పోయి ఇంకో గోలు కొట్టాడు. అది నూరేళ్లు చెప్పుకోవాల్సిన గోలు. కానీ నువ్వు సమదర్శివి, దొంగ గోలుకూ దొర గోలుకూ ఒకే పీట వేశావు. నిజం చెప్పాలంటే మొదటిదానికే కొంచెం ఎత్తు పీట వేశావు, దానికి నీ పేరే పెట్టుకున్నారు. ఆ గోలు ఒప్పుకున్న రిఫరీ దగ్గరే ఆ బంతి ఏళ్ల తరబడి ఉండి, 2022లో వేలంలో ఇరవై లక్షల పౌండ్లు పలికింది. నీ సన్నిధిలో జరిగిన తప్పు కూడా ఎంత బంగారమవుతుందో చూడు తండ్రీ!

2009 నవంబరులో పారిస్‌లో ఐర్లాండు మీద థియరీ ఆన్రీ బంతిని చేత్తో ఆపి గల్లాస్‌కు అందించాడు. ఆ గోలుతో ఫ్రాన్సు దక్షిణాఫ్రికా ప్రపంచకప్పుకు పోయింది, ఐర్లాండు ఇంటికి పోయింది. ఆ మ్యాచి మళ్లీ ఆడించమని ఐర్లాండు వేడుకుంటే కుదరదన్నారు. ఆ దేశపు సంఘానికి ఫిఫా యాభై లక్షల యూరోలు ఇచ్చిన సంగతి 2015లో బయటపడింది. ఏడ్చే బిడ్డ చేతిలో మిఠాయి పెట్టే తల్లి మనసు నీది.

2010 జూలై 2న, జొహానెస్‌బర్గ్‌లో ఘనా ఆఫ్రికా ఖండం నుంచి మొట్టమొదటి సెమీఫైనల్ జట్టు కాబోతుంటే ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్‌లైను మీద నిలబడి బంతిని చేతులతో ఆపాడు. ఈ ఒక్క విషయంలో నేను అతణ్ణి పూర్తిగా తప్పుపట్టలేను. నిబంధన ప్రకారం రెడ్‌కార్డు పడింది, ఘనాకు పెనాల్టీ వచ్చింది, రిఫరీ చేయాల్సిందంతా చేశాడు. అసమోవా జ్యాన్ కొట్టిన పెనాల్టీ బార్‌కు తగిలి పైకి పోయింది. నా కడుపు మండింది ఆ తర్వాత చూసినదానికి. బయటికి పంపిన మనిషి సొరంగం దగ్గర నిలబడి, అవతలి వాడి కాలు తప్పినందుకు ఎగిరి గంతులేశాడు. శిక్ష పడినవాడికి కూడా సంబరం చేసుకునే స్వేచ్ఛ నీ రాజ్యంలో తప్ప ఇంకెక్కడుంది?

క్రీడాస్ఫూర్తి అనే మాటను నువ్వు ఎంత పొదుపుగా వాడతావో గమనించాను. ఓడినవాడికే ఇస్తావు. గెలిచినవాణ్ణి ఆ మాటతో ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. ఓడినవాడు చేయి కలపాలి, కన్నీళ్లు తుడుచుకుని విలేకరులతో మాట్లాడాలి, రిఫరీని ఒక్క మాట అనకూడదు. అలా కాక ఎవరైనా లాభం వదులుకుని నిజం చెబితే దాన్ని వింతగా దాచుకుంటావు. 2012లో నేపుల్స్‌లో జర్మనీ ఆటగాడు క్లోజే, బంతి నా చేతికి తగిలిందని తనే రిఫరీకి చెప్పి గోలు రద్దు చేయించుకున్నాడు. ఆ ఆట అతని క్లబ్బు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది. 2019లో లీడ్స్ కోచ్ బియెల్సా, ఆస్టన్ విల్లా ఆటగాడు దెబ్బ తగిలి పడి ఉన్నప్పుడు తమవాళ్లు గోలు కొట్టారని, అవతలివాళ్లను అడ్డు లేకుండా గోలు కొట్టుకోనిచ్చాడు. ఇలాంటివాళ్లు వరసగా పుడితే విలువ తగ్గుతుందని తెలిసినవాడివి, అందుకే ఏళ్లకొకణ్ణి పంపిస్తావు.

నీ న్యాయం కూడా నెమ్మదైనదే. 1982లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఒక్క గోలు పడగానే ఇద్దరికీ చాలునని మిగతా సమయమంతా బంతిని ఊరికే తిప్పాయి. జర్మనీని ఓడించిన అల్జీరియా బయటికి పోయింది. ఆ తర్వాత ప్రతి గ్రూపులో చివరి మ్యాచులు ఒకే వేళకు పెట్టాలని నిర్ణయించారు. అల్జీరియాకు ఏం దక్కిందని అడగను, లోకానికి మంచి జరిగింది కదా.

ఇక వైరాల సంగతి. సీమ అనగానే సినిమావాళ్లకు కత్తులు, సుమోలు గుర్తొస్తాయి. పగ అంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. తాతల నాటి గొడవకు మనవలు ఊరొదిలి పోవడం ఈ ప్రాంతానికి తెలుసు. అందుకే నేను నీ భక్తుణ్ణయ్యాను స్వామీ. తొంభై నిమిషాలు కొట్టుకుని, ఈల పడగానే చొక్కాలు మార్చుకునే శత్రుత్వం నాకు అపురూపం. ఎవరి ఇల్లూ కాలదు, ఎవరి తల్లీ ఏడవదు అని నమ్మాను. నువ్వు నా నమ్మకాన్ని గట్టిగా పరీక్షించావు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట చూడబోయిన పదహారు మంది తొక్కిసలాటలో ప్రాణాలు వదిలారు. 2012 డిసెంబరులో అదే రెండు జట్ల ఆటలో మోహన్ బగాన్ ఆటగాడు రహీమ్ నబీకి రాయి తగిలింది, జట్టు రెండో సగానికి మైదానంలోకే రాలేదు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని మలాంగ్‌లో అవతలి జట్టు అభిమానులను స్టేడియంలోకే రానివ్వలేదు. శత్రువే లేని చోట, పోలీసుల బాష్పవాయువుకు పరిగెత్తి నూట ముప్పై ఐదు మంది చచ్చిపోయారు. నీ మహిమకు ప్రత్యర్థి కూడా అవసరం లేదని అప్పుడు తెలిసింది.

ఈమధ్య మన దేశంలో అంత రక్తం లేదులే, గొడవలు మాత్రం ఉన్నాయి. 2023 మార్చి 3న బెంగళూరులో కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డుగోడగా నిలబడుతుండగానే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌తో గోలు కొట్టేశాడు. రిఫరీ ఒప్పుకున్నాడు, కేరళ కోచ్ ఆటగాళ్లను బయటికి తీసుకుపోయాడు. కేరళకు నాలుగు కోట్ల జరిమానా, కోచ్‌కు పది మ్యాచుల నిషేధం. ఛెత్రి చేసింది నిబంధనకు లోబడే చేశాడని పెద్దలు తేల్చారు, నేనూ కాదనను. కానీ నా బిడ్డ అలా గోలు కొట్టి ఇంటికొస్తే మెచ్చుకుని అన్నం పెట్టలేను. గెలవడం వేరు, గెలిచానని నిద్రపోగలగడం వేరు. ఆ తేడా చెరిపేసి అందరికీ కంటినిండా నిద్ర ప్రసాదించిన ఘనత నీది.

తెలుగు నేల మీద నువ్వు చూపిన వైరాగ్యం దగ్గరికొస్తాను. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యే నాటికే, తుంగభద్ర దాటి పోతే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశమంతటినీ వణికిస్తోంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద గెలుపు. దాని వెనక సయ్యద్ అబ్దుల్ రహీం, ఒక బడిపంతులు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయిన జట్టులో ఉన్నారు. అప్పటికి అదీ వైరం! హైదరాబాదు వస్తుందంటే కలకత్తా క్లబ్బులు భయపడేవి.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వలేదని భారత అధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు ఊరు ఊరంతా మన ఆటగాళ్ల మీద కోపంగా ఉంది. లక్ష మంది జనం గొడవ చేస్తుంటే, తలకు దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడించాడు, అతను గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద రెండు ఒకటితో బంగారం. కోపంతో ఉన్న లక్ష గొంతుల మధ్య ఆటతోనే జవాబు చెప్పిన ఆ పదకొండుగురిని మించిన క్రీడాస్ఫూర్తి నాకు కనబడలేదు. తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీంను నీ దగ్గరికి పిలిపించుకున్నావు. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు రాలేదు. గురువు పోయాక శిష్యులకు బంగారం బరువు దేనికని తలచావేమో.

ఆయన్నే కాదు, మిగతా మావాళ్లను మాకు ఉంచడం కూడా నీకు ఇష్టం లేకపోయింది. సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. నయీముద్దీన్ కలకత్తాలో ఆడి, 1970లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. హబీబ్ 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. కలకత్తా వాళ్లను తన గుండెల్లో పెట్టుకుంది, ఒప్పుకుంటాను. మనం ఏం పెట్టుకున్నాం? 2023 ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు 15న హబీబ్ పోయారు. మా ఊళ్లో పదిమందిని ఆపి ఆ రెండు పేర్లు అడిగితే జవాబు రాదు. మారడోనా చేయి గురించి అడిగితే పిల్లలు తేదీతో సహా చెబుతారు.

ఒక్కసారి మాత్రం కరిగావు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సి జట్టు ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడింది. ఓడిపోతున్న ఆటలో ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని కొడితే సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. ఓడింది కేరళ. ఇన్నేళ్లకు మళ్లీ తెలుగువాడికి ఒక ప్రత్యర్థి దొరికాడు, మావాళ్లు మీవాళ్లను కొట్టారని కేరళ మిత్రుడితో చెప్పుకునే రోజు వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ జట్టు ఆటగాళ్లకు జీతాలు బాకీ పడింది, కొత్తవాళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం వేసింది, కప్పు గెలిచినవాళ్లు పట్టికలో అడుక్కి చేరారు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చాడు, జనం టికెట్లు కొనుక్కుని పోయి చూశారు. సొంత జట్టు మూటాముల్లె సర్దుకున్న ఊళ్లోనే.

జైల్లో కూర్చుని రాముణ్ణి లెక్కలడిగిన కంచెర్ల గోపన్న వారసుణ్ణి నేను, అడుగుతాను. గచ్చిబౌలి మైదానంలో కూర్చుని ఆ జట్టు కోసం అరిచిన పిల్లలకు ఇప్పుడు మా జట్టు ఏదని చెప్పను? ఢిల్లీని మాదనుకోమని చెప్పలేను. కేరళ మిత్రుడు ఫోన్ చేసి ఈసారి మిమ్మల్ని వదలం అంటాడు, ఎవరితో ఆడతావని నేను అడగాల్సి వస్తోంది. గెలుపోటముల గొడవ, రిఫరీ మీద కోపం, నిద్ర పట్టని రాత్రి, అన్నీ మా తల మీంచి దించేశావు స్వామీ. మాకు అవే కావాలి. తిరిగి ఇయ్యి.