ఏడు చెంచాల పొదుపు

బెజవాడలో మే నెల వచ్చిందంటే కారు సన్‌వైజర్‌కి ఒకటే ఉద్యోగం, ఎండని ఆపడం. పొద్దున్నే బందరు వైపు బయల్దేరితే సూర్యుడు ఎదురు, సాయంత్రం హైదరాబాద్ వైపు తిరిగితే మళ్లీ ఎదురే. నల్ల ఫిల్మ్ అంటించుకుందామంటే 2012లోనే సుప్రీంకోర్టు కుదరదంది. ఇక దిక్కు ఆ అట్టముక్కే. దాన్ని ఇంకో నాలుగంగుళాలు వెడల్పు చేద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు గానీ, దాని వెనకున్న అద్దానికి దీపం పెట్టి, ‘సన్నటి ఎల్‌ఈడీ, ఇంధనం పొదుపు’ అని చాటే తెలివి మాత్రం అమ్మేవాళ్లకు దండిగా ఉంది.

సరే, లెక్క కడదాం. పాత బల్బు 5 వాట్లు, ఎల్‌ఈడీ 1 వాట్ అనుకోండి. మూత తీస్తే వెలుగుతుంది, వేస్తే ఆరుతుంది. పెళ్లికి పోతూ బొట్టు దిద్దుకోవడానికి, తిరిగొస్తూ పళ్లలో ఇరుక్కున్న కరివేపాకు తీసుకోవడానికి రోజుకి రెండు నిమిషాలు వేశాను, ఉదారంగానే. ఏడాది తిరిగేసరికి మిగిలేది 49 వాట్-అవర్లు. దాంతో ఇంట్లో సీలింగ్ ఫ్యాను ముప్పావు గంట కూడా తిరగదు. పెట్రోల్లోకి మారిస్తే ఇంచుమించు 35 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాతో ఏడు చెంచాలు. రామవరప్పాడు రింగు దగ్గర ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా మూడు నిమిషాలు నిలబడ్డామా, ఏడాది పొదుపు హుష్‌కాకి!

ఎల్‌ఈడీ మీద నాకేం కక్ష లేదు. నీలి ఎల్‌ఈడీకి 2014లో నోబెల్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. ఆ రోజుల్లోనే మన రాష్ట్రంలో 60 వాట్ల బల్బు తీసుకుని, పది రూపాయలకి 7 వాట్ల ఎల్‌ఈడీ చేతిలో పెట్టారు. అది పొద్దుగూకింది మొదలు పడుకునేదాకా వెలిగే దీపం కాబట్టి పొదుపన్న మాటకి అర్థముంది. ఆ పుణ్యాన్ని ఈ రెండు నిమిషాల దీపం తన ఖాతాలో రాసుకుంటోంది.

పైగా ఈ దీపం చాలా కార్లలో కింది వేరియంట్‌లో దొరకదు. పై వేరియంటే కొనాలి, దాంతోపాటు సన్‌రూఫ్ కూడా వస్తుంది. నెత్తిమీద సన్‌రూఫ్, కళ్లముందు సన్‌వైజర్! ఒక చేత్తో ఎండని లోపలికి పిలిచి, రెండో చేత్తో పొమ్మనడం బెజవాడ వాళ్లకే చెల్లింది.

అంత పెట్టలేనివాళ్లకి క్లిప్పు పెట్టి తగిలించుకునే దీపాల అద్దం ఉంది. లోపల లిథియం బ్యాటరీ. చార్జింగ్ ఎక్కడ పెట్టాలి? కార్లోనే! ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ‘ఎండకు దూరంగా ఉంచండి’ అని డబ్బా మీదే ఉంటుంది. మనం దాన్ని తీసుకెళ్లి ఎండకి అడ్డుపెట్టే అట్టకే తగిలిస్తాం.

సన్నదనంలో పనితనం లేకపోలేదు. అంచున గింజంత ఎల్‌ఈడీ, దాని వెలుగుని సమంగా పరిచే పలచటి ప్లాస్టిక్ పలక. మొహం మీద నీడలు పడవు. కానీ పాత బల్బు పోతే ఆటోనగర్లో కుర్రాడు గోటితో మూత లేపి, కొత్తది నొక్కి పంపేవాడు. ఇది పోతే షోరూమ్‌కే.

“వైజర్ మొత్తం మార్చాలి సార్.”

“అట్ట బాగానే ఉందిగా?”

“విడిగా రాదు సార్, అంతా సెట్టే.”