సల్లగాలి సూత్రం: టీకా తాత్పర్యసహితం

అవతారిక: కత్తిరి ఎండల కాలం. ఏర్పేడు రోడ్డుపక్క టీ అంగడి ఆసామి ఒక సాయంత్రం పడమటి కొండల మీద మబ్బు లేవడం చూసి, గ్లాసులు సర్దుతున్న మేనల్లుడికి ఉపదేశించిన సూత్రమిది.

మూలం: “సల్లగాలి తోల్తా ఉండాది. బెంచీ లోపలెయ్‌రా అల్లుడా!”

ప్రతిపదార్థం: సల్లగాలి = ఉరుము మబ్బు నుంచి రాలిన చినుకులు దారిలో ఆవిరవుతూ వేడిని పీల్చేయగా, చల్లబడి బరువెక్కి నేలకు దిగిన గాలి; తోల్తా ఉండాది = నలుదిక్కులా పరుచుకుంటూ, తేలికైన వేడిగాలిని పైకి ఎగదోస్తున్నది; బెంచీ = గిరాకీల సింహాసనం; లోపల = రేకుల కప్పు కిందికి; ఎయ్‌రా = జరుపుము; అల్లుడా = ఓ మేనల్లుడా!

టీక: చల్లగాలి చేసే పనులు రెండు. నేలమీద పీడనాన్ని పెంచడం ఒకటి. ఆకాశంలో పీడనతలాల ఎత్తును దించడం రెండోది. పొట్టివాడు గట్టివాడన్న లోకన్యాయం ఇక్కడ చెల్లుతుంది. కిలోమీటరు మందాన ఉన్న గాలి 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 33 మీటర్లు కుంగిపోతుంది. ఇంకా పైకి లెక్క వేస్తే, 1000, 500 మిల్లీబార్ల తలాల నడుమ సగటు ఉష్ణోగ్రత డిగ్రీ తగ్గిన ప్రతిసారీ ఆ మందం 20 మీటర్లు తరుగుతుంది.

పూర్వపక్షం: టీకి వచ్చిన ఐఐటీ విద్యార్థి ఆక్షేపణ: “కుంగితే కుంగనీ, ఉన్న గాలే కదా? బరువెట్లా పెరిగింది?”

సిద్ధాంతం: ఆక్షేపణ సబబే. చల్లబడినంత మాత్రాన బరువు పెరగదు. అయితే గాలి కుంగిన చోట పైన పల్లం పడుతుంది, చుట్టుపక్కల గాలి ఆ పల్లంలోకి చేరుతుంది. అలా వచ్చి చేరిన గాలి బరువే నేలమీది అదనపు పీడనం. పైన చెప్పిన కిలోమీటరు లెక్కలో అది 3.5 మిల్లీబార్ల దాకా ఉంటుంది. సైబీరియా చలికాలంలో ఇదే సూత్రం మహాభాష్యంగా పెరుగుతుంది: 1968 డిసెంబరు 31న అక్కడి అగాతలో పీడనం 1083 మిల్లీబార్లు దాటింది.

ప్రమాణాలు: క్షేత్రప్రమాణానికి పొరుగునే వాయులింగం వెలసిన శ్రీకాళహస్తి ఉంది. ప్రత్యక్షప్రమాణం కావాలన్నవారికి గాదంకి ఉంది; 1992లో రాడార్ కేంద్రంగా మొదలైన అక్కడి జాతీయ పరిశోధనశాల 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో గాలి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ దిగుతోందో చూస్తుంది.

అలంకారం: స్వభావోక్తి.

తాత్పర్యం: చల్లగాలి వచ్చిన చోట కింద పీడనం పెరుగుతుంది, పైన ఎత్తులు తగ్గుతాయి. ఆసామికి ఈ లెక్కలు తెలియవు. అయినా నిర్ణయం మాత్రం తప్పు కాదు.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు ఈదురుగాలి లేవగానే బండిని చెట్టు కింద నిలపరు, ఫ్లెక్సీ కింద నిలబడరు. చదవనివారు కూడా అలాగే చేయవలెనని మనవి.