ఆపరేటరు సారు

పూర్వము గ్రామమునకు పటేలు, పట్వారి అను ఉభయులుండిరి. 1984లో ఆ పదవులు రద్దుకాగా, ఇక ఎవని యెదుట చేతులు కట్టుకొని నిలువవలెనో తెలియక జనము తల్లడిల్లుచుండ, కాలపురుషుడు కనికరించి కంప్యూటరును, దాని వెనువెంట ఆపరేటరు సారును పంపినాడు. 1981 ఆగస్టులో అమెరికాలో ఐబీఎం వారు 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తితో, 1,565 డాలర్ల వెలకు తమ తొలి పర్సనల్ కంప్యూటరును అంగడికెక్కించినప్పుడు, ‘పర్సనల్’ అనగా ఎవరిది వారికే అని వారి యూహ కాబోలు. మా యూరు ఝరాసంగమున ఆ యర్థము చెల్లదు. ఇచట కంప్యూటరు ఊరందరిది. సారుకు సొంతమైనది విసుగొక్కటే.

కేతకీ సంగమేశ్వరుని దర్శించుకొని వెలుపలికి వచ్చినవాడు, పట్టాపాసుబుక్కు చంకన బెట్టుకొని రెండవ దర్శనమునకు వేచియుండు చోటు సారుగారి జిరాక్సు దుకాణము. ఒక చేత మౌసు, వేరొక చేత చాయ్ గ్లాసు, చెవికిని భుజమునకును నడుమ సెల్‌ఫోను ఇరికించుకొని, ఎదుటివాని మొగమైనను చూడక వాని కులమును, ఆదాయమును, సర్వే నంబరును చెప్పగల మహానుభావుడాయన. కోడి గింజలేరినట్లు రెండు వ్రేళ్లతోనే అక్షరములేరును. తక్కిన యెనిమిది వ్రేళ్లును ఊరక చూచుచుండును.

జొన్నచేనినుండి నేరుగా వచ్చిన అవ్వను ఒకనాడాయన, “ఓటీపీ వచ్చిందా అవ్వా?” అనెను.

“ఇంకెవ్వరు రాలేదు బిడ్డా, నేనొక్కదాన్నే వచ్చిన.”

“సర్వర్ డౌనున్నది. రేపు రా.”

“అయ్యో, జరమొచ్చిందా ఏంది?”

దుకాణమంతయు పకాలున నవ్వెను గాని సారు నవ్వలేదు. “అవునవ్వా, పొద్దుగాల్నుంచి లేస్తలేదు” అని మిక్కిలి గంభీరముగా సెలవిచ్చెను.

2020 అక్టోబరున భూముల లెక్కలకు ధరణి పోర్టలు వచ్చెను; 2025 ఏప్రిలున దాని స్థానమున భూభారతి వచ్చెను. ప్రభువులెందరు మారినను పట్వారి దఫ్తరము కదలనట్లే, పోర్టళ్లెన్ని మారినను సారు కుర్చీ కదలదు. నిజము చెప్పవలెనన్న, ఆయన లేనినాడు మాకు దిక్కులేదు. ఆయన ఉన్ననాడును ఉన్నదని చెప్పజాలను.

ఏలయన, బ్రహ్మపక్షమున దొంగసాక్ష్యము పలికి శాపముపాలైన మొగలిపూవును ఇతర శివాలయములు దరిజేరనీయకుండగా, ఇచటి స్వామి ఆదరముతో పూజకు గైకొనును. అంతటి కల్లకే క్షమాపణ దొరకిన క్షేత్రమున, నా తండ్రి పేరున సారు మింగిన సున్నకు మాత్రము దొరకలేదు. సంగమయ్యగారు సర్టిఫికెట్టున సగమయ్య అయినారు. ఇదేమని నేనడుగగా, సారు తెరనుండి చూపు మరల్పకయే, “సగమన్న వచ్చింది గద” అని నన్నోదార్చెను.

దిద్దుబాటునకు దరఖాస్తు పెట్టి మూడు సోమవారములైనది. సర్వరు ఇంకను లేవలేదు.