శంకుస్థాపనకు స్వర్ణ పతకం

2036 ఒలింపిక్స్ మన దేశానికొస్తే కొన్ని పోటీలైనా మాకివ్వండని తెలంగాణ కేంద్రాన్ని అడుగుతోంది. ఏ పోటీలన్నదే తేలాలి. హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురా తరఫున ఒకటి సూచిస్తున్నాం: శంకుస్థాపన. ఈ ఆటలో పాతబస్తీని కొట్టే ఊరు లేదు. బరిలో ఒక్కడే ఉంటాడు, కొబ్బరికాయ ఒక్కటే ఉంటుంది, గుల్‌పోషీకి దండలు మాత్రం బండెడు.

మెట్రో సంగతే చూడండి. ఫలక్‌నుమా దాకా లైను మొదటి దశలోనే ఉంది, కాగితం మీద. 2017 నవంబరులో మియాపూర్ వాళ్లు రైలెక్కారు. 2020 ఫిబ్రవరిలో రైలు ఎంజీబీఎస్ దాకా వచ్చి, దూరం నుంచే చార్మినార్‌కు సలాం కొట్టి వెనక్కి మళ్లింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో పునాదిరాయి పడింది. రాయి వేళకు చేరుకుంది, ఇక రైలు రావాలి.

రెండో పోటీ పోలికల పరుగు. ఒక ముఖ్యమంత్రి పాతబస్తీని ఇస్తాంబుల్ చేస్తానన్నారు. తర్వాతి ముఖ్యమంత్రి మూసీకి లండన్ థేమ్స్‌ను ఆదర్శంగా చూపించారు. 2024 అక్టోబరులో మంత్రులు సియోల్ వెళ్లి అక్కడి వాగును చూసొచ్చారు. పాస్‌పోర్టు లేకుండా ఇన్ని దేశాలు తిరిగినవాడు మొఘల్‌పురా మియా ఒక్కడే!

ఈ ఊరిని చూసి మిగతా ఊళ్లు కుళ్లుకున్న రోజులూ ఉన్నాయి. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటికి గచ్చిబౌలిలో ఉన్నవి బండరాళ్లే.

తర్వాత అక్కడ స్టేడియాలు లేచాయి. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఘనంగా జరిగాయి. క్రీడాకారుల కోసమని లేచిన బహుళ అంతస్తుల భవనం 2020లో కోవిడ్ ఆస్పత్రి అయింది. ఎలాగైతేనేం, జనానికి పనికొచ్చింది. 2022లో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, నాలుగేళ్లు తిరక్కుండానే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ జట్టయిపోయింది. స్టేడియం మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు, పాపం.

ఇక మన క్రికెటర్ సిరాజ్. ఆటో నడిపే తండ్రి కొడుకు, టెన్నిస్ బంతితో మొదలుపెట్టి ప్రపంచకప్ దాకా వెళ్లాడు. 2024లో సర్కారు డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. మంచిదే. గెలిచొచ్చినవాడికి మనం ఏ లోటూ చేయం. గెలవబోయేవాడే గల్లీలో స్కూటర్లకు దారిస్తూ, మధ్యమధ్య బౌలింగ్ చేసుకోవాలి.

అందుకని పాతబస్తీకి లండన్ వద్దు, సియోల్ వద్దు. ఉన్న మైదానాలకు లైట్లు, నెలనెలా జీతమందే కోచ్, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది ఇప్పించండి. స్విచ్చు వేయడానికి ముఖ్య అతిథి ఉండాల్సిందేనంటే తప్పక పిలుస్తాం, గుల్‌పోషీ కూడా చేస్తాం. ఆయన కారెక్కాక కూడా లైటు వెలుగుతూనే ఉండాలి, అంతే.