బాత్రూమ్ తలుపు మీది పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: రియాద్‌లో బత్హా వెనక సందులో నలుగురం ఉంటున్న అద్దెవాటా మాది. దాని బాత్రూమ్ తలుపుకి లోపలివైపు నీలి మార్కరుతో రాసి ఉన్న ఆటవెలది ఇది. కవి ఎవరో తెలియదు. ‘నల్ల’, ‘బందు’ అన్న మాటలనుబట్టి మాకు ముందున్నవాళ్లలో జగిత్యాల వైపు మనిషెవరో అయి ఉండాలని ఊహ. ఇంతవరకు దీనికి వ్యాఖ్యానం లేదు. తలుపేసుకుని రోజూ దాని ఎదుట కూర్చునేవాణ్ణి గనక ఆ భారం నా మీద పడింది.

మూలం:

వాల్వు బందు చేసి వదులైన మర దుడ్చి
తెల్ల టేపు చుట్టు దిశను చూసి
నల్ల మీద బలము నగుబాటు దెచ్చురా
కారు నీటికైన కలదు మందు

ప్రతిపదార్థం: వాల్వు = నీటిని ఆపు సాధనమును; బందు చేసి = కట్టివేసి; వదులైన = బిగువు తప్పిన; మరన్ = కొళాయి తోకనున్న మెలికల గాడిని; తుడ్చి = పొడిగుడ్డతో తడి లేకుండ ఒత్తి; దిశను చూసి = ఎటు తిప్పవలెనో గమనించి; తెల్ల టేపు = టెఫ్లాను పట్టీని; చుట్టు = చుట్టుము; నల్ల మీద = కొళాయి పైన; బలము = కండలు చూపుట; నగుబాటు తెచ్చురా = నలుగురిలో నవ్వులపాలు చేయును సుమా; కారు నీటికైన = కారిపోవు నీటికి సైతము; మందు = చికిత్స; కలదు = ఉన్నది.

తాత్పర్యం: ముందు నీళ్లు కట్టెయ్యి, తర్వాతే పానా పట్టుకో.

విశేషాలు: ఈ పద్యానికి ప్రాణం ‘చేసి’ అన్న క్త్వార్థకంలో ఉంది. ‘తిని వెళ్లాడు’ అంటే తినడం ముందు, వెళ్లడం తర్వాత. ‘బందు చేసి’ అన్నప్పుడూ అంతే. వ్యాకరణం తెలియక కాదు గానీ, ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనూ మా వాటాలోని కడప అన్నా ఈ క్త్వార్థకాన్ని లెక్కచేయలేదు. ‘రెండు చుట్లేగా, ఊడదీస్తూనే బిగించేద్దాం’ అనుకున్నాం. అంటే క్త్వార్థకం స్థానంలో శత్రర్థకం ప్రయోగించాం. నల్లా చేతికొచ్చింది. దాని వెనకే అర్ధంగుళం ధార నా గుండెల మీదికొచ్చింది. వాల్వు మేడమీద ట్యాంకు పక్కన ఉందని ఎరుగుదును గాని, దానికి తాళమేసిన ఇనప తలుపొకటి ఉందని అప్పుడే తెలిసింది. తాళంచెవి హారిసు (కాపలాదారు) దగ్గర, హారిసు జుమా నమాజులో. కడప అన్న గోడకి బొటనవేలు నొక్కిపెట్టి ముప్పావు గంట నిలబడ్డాడు. ‘నగుబాటు’ అనే పదానికి ఇంతకంటే వివరణ అనవసరం.

పాఠాంతరం: మా నలుగురిలో అమలాపురం తమ్ముడు మూడో పాదంలో ‘నల్ల’ కొట్టేసి బాల్‌పెన్నుతో ‘కుళాయి’ అని దిద్దాడు. ఇది అసాధువు. కుళాయి జగణం, సూర్యగణం ఉండాల్సిన చోట జగణం కూర్చోదు. పైగా ‘నగుబాటు’తో యతి పోతుంది. ‘పంపు’ అందామంటే గణం నిలిచినా యతి నిలవదు. ఎదురువాటా మలయాళీ మిత్రుడికి పద్యం చదివి వినిపిస్తే ‘నల్ల’ దగ్గర తలాడించాడు. వాళ్ల భాషలో నల్ల అంటే మంచి. ఇక్కడివాళ్లు కొళాయిని హనఫియ్య అంటారు. కైరోలో మసీదులకు కొళాయిలు కొత్తగా వచ్చినప్పుడు, వాటి నీళ్లతో వుజూ (నమాజుకు ముందు కడుక్కోవడం) చేసుకోవచ్చని హనఫీ పండితులు ఒప్పుకున్నారనీ, అందుకే ఆ పేరనీ చెబుతారు. నల్లా గురించి పండితులు వాదించుకోవడం కొత్తేమీ కాదన్నమాట.

‘టేపు’: 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త గ్యాసు సిలిండరు తెరిస్తే గ్యాసు రాలేదు, కోయించి చూస్తే లోపల తెల్లటి పొడి. అదే టెఫ్లాను. దేనికీ అంటుకోని ఆ పదార్థం మర సందుల్లో ఇమిడిపోయి నీటికి దారి లేకుండా చేస్తుంది. ‘దిశ’: మర కొస మన ముఖానికి ఎదురుగా పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. ఎదురు చుట్టితే నల్లా బిగిస్తున్నకొద్దీ టేపు లేచి జడకుచ్చులా వేలాడుతుంది.

‘నీటికైన’: ‘ఈపాటి నీటికి కూడానా’ అని ఇక్కడ చులకనగా అర్థం చెప్పుకోరాదు. ఈ దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. గల్ఫు ఒడ్డున జుబైల్‌లో ఉప్పు విడిచిన సముద్రం, 400 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిచి, 600 మీటర్ల ఎత్తెక్కి రియాద్ చేరుతుంది. అక్కడినుంచి సంపులోకి, మోటారుతో మేడమీదికి. అంతదూరం వచ్చి మా బకెట్టు పక్కన సెకనుకో చుక్క చొప్పున రోజుకి 86,400 చుక్కలు రాలిపోతోంది. ఉప్పు విడిపించే ఈ పని ఇక్కడ పాతదే: జిద్దాలో 20వ శతాబ్దం మొదట్లోనే సముద్రపు నీటిని కాచి పట్టే యంత్రం పెట్టారు; కండెన్సరన్న మాట అరబ్బుల నోట ‘కిందాసా’ అయింది.

ఆక్షేపం: తార్కికులు ఈ లక్షణంలో అవ్యాప్తి చూపుతారు. నల్లా మూతి నుంచి చుక్క కారితే టేపుతో పనిలేదు, లోపలి వాషరు అరిగిందని అర్థం. అతివ్యాప్తీ ఉంది. షత్తాఫ్ (కడుక్కునే చేతి షవరు) గొట్టం కొసన రబ్బరు వాషరుంటుంది. అక్కడ టేపు చుట్టడం వృథా. గోడ లోపల చెమ్మ కనిపిస్తే పద్యాన్ని పక్కనపెట్టి సబ్బాక్‌ని, అంటే ప్లంబరుని, పిలవాల్సిందే.

అలంకారం: పద్యంలో లేదు గాని బాత్రూములో విరోధాభాసం ఉంది. జూలైలో మేడమీది ట్యాంకు కాగి చన్నీళ్ల నల్లా చేయి కాలుస్తుంది. గీజరు ఆపేసి ఉంచితే అది గదిలో నీడపట్టున ఉంటుంది గనక వేడినీళ్ల నల్లాలో చల్లటి నీళ్లొస్తాయి. రబ్బరు వాషర్లు త్వరగా బిరుసెక్కేదీ ఈ ఎండకే.

ప్రక్షిప్తం: నాలుగో పాదం కింద ‘ఈ వారం గిన్నెలు కడపాయనవి’ అని మరో పాదం కనిపిస్తుంది. గణాలు కుదరవు, దస్తూరీ వేరు. ఇది కవిది కాదని కడప అన్న వాదన. దీన్ని అమలాపురం తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. గిన్నెలు సింకులోనే ఉన్నాయి.